వంపుకు ఎంత పైపు కావాలి? - ట్రెవిస్ చట్రం లెక్క



పాల సంఘం అనగానే వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్., లీటరు ధర, బోనసు - ఈ లెక్కలే మనకు గుర్తుకు వస్తాయి. ఇవి ముఖ్యమైనవే. కాని సంఘం సొమ్ము ఖర్చయ్యే చోట్లు ఇంకా ఉన్నాయి. పశువుకు సూదిమందు వేయడానికి, కృత్రిమ గర్భధారణ చేయించడానికి నిలబెట్టే ట్రెవిస్, పాలు పోసేవారు వరుసగా నిలబడే కమ్మీలు, క్యాన్లు తోసుకుపోయే బండికి పిడి, దూడల పాకలో గడ్డి వేసే చట్రం - ఇవన్నీ ఇనుప గొట్టాలతో చేయించేవే. వీటిలో తిన్నని గొట్టానికి లెక్క ఎవరైనా వేస్తారు. టేపు పట్టుకుంటే చాలు. చిక్కల్లా వంపు దగ్గర వస్తుంది. వంపుకు ఎంత పైపు పడుతుందో తెలియక కొన్ని సంఘాలు అవసరానికి మించి కొంటున్నాయి. కొన్నిచోట్ల సరిగా కొన్నవారి మీదే అనుమానం పడుతోంది. ఆ అనుమానం ఎలా పడుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి దానిని పుట్టించినవాణ్ణి నేనే. కనుక ఆ సంగతితోనే ఈ పాఠం మొదలుపెడతాను.

లెక్క తప్పింది ఎవరిది?

1990ల చివర, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కృష్ణా డెల్టాలో ఒక పాల సంఘానికి ఆడిట్‌కు వెళ్లాను. ఆ ఏడాది వారు కొత్తగా ట్రెవిస్ చేయించారు. ఓచరు ప్రకారం కొన్నది ఒకటిన్నర అంగుళం జి.ఐ. పైపులు 3. ఒక్కొక్కటి 6 మీటర్లు. అంటే మొత్తం 18 మీటర్లు, లేదా 1800 సెంటీమీటర్లు.

డిప్లొమా చదివి వచ్చిన ఉత్సాహంలో, కాగితం చూసి సంతకం పెట్టకూడదని, టేపు తీసుకుని నేనే కొలిచాను. నిలువు కాళ్లు, పైన అడ్డం, పక్క కమ్మీలు - తిన్నగా ఉన్న ప్రతి ముక్కనూ కొలిచి కూడితే 1620 సెంటీమీటర్లు తేలింది. మిగిలిన 180 సెంటీమీటర్లు ఏమైనట్టు?

కార్యదర్శిగారు నాకంటే వయసులో చాలా పెద్దవారు. "కొన్నది మూడు పైపులేనండి ఇనస్పెక్టరుగారూ, పెట్టినవీ మూడు పైపులేనండి. మధ్యలో ఎక్కడ పోయిందో నాకు తెలియటం లేదండి" అన్నారు. కోతలో మిగిలిన ముక్కలు గోనెసంచిలో ఉన్నాయన్నారు. స్టాకు పుస్తకంలో ఎక్కలేదు కనుక నేను వాటిని లెక్కలోకి తీసుకోలేదు. "1 మీటరు 80 సెం.మీ. పైపునకు తగిన సంజాయిషీ లేదు" అని నివేదికలో రాశాను. దాని ఖరీదు ఆయన తన చేతి నుంచి కట్టి రసీదు తీసుకున్నారు.

సొమ్ము చిన్నదే. కాని మహాసభలో నివేదిక చదివినప్పుడు వెనుక వరుసలోంచి ఎవరో, "పైపు తిన్నవాడు పాలు తినడా?" అన్నారు. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. నేను ఆ సభలోనే ఉన్నాను.

కొన్ని నెలల తరువాత మరొక సంఘం పని మీద విజయవాడ ఆటోనగర్‌లో పైపులు వంచే ఒక మేస్త్రీ దగ్గరకు వెళ్లాను. కొటేషను మాట్లాడుతూ, వంపుల లెక్క ఎలా వేస్తారని అడిగాను. ఆయన సుద్దముక్కతో గచ్చు మీద ఒక మలుపు గీసి, దాని వెంట పురికొస పరిచి, ఆ కొసను తిన్నగా లాగి నా చేతికిచ్చారు. "వంపులో కూడా పైపు ఉంటుంది కదండీ. తిన్నగా ఉన్నదే పైపా?" అన్నారు. నేను కొలిచింది తిన్నని భాగాలను మాత్రమేనని, నాలుగు వంపులను పూర్తిగా వదిలేశానని అప్పుడు తెలిసింది. ఆ 180 సెంటీమీటర్లు ఎక్కడ ఉన్నాయో ఈ పాఠం చివరకు మీరే చెప్పగలరు.

వంపులో ఏమి జరుగుతుంది?

విజయవాడ వచ్చేవారికి బెంజ్ సర్కిల్ తెలియనిది కాదు. చెన్నై - కోల్‌కతా రహదారి, బందరు రోడ్డు కలిసే కూడలి అది. 2020లో ఒక ఫ్లైఓవరు, ఆ తరువాత రెండవది వచ్చాయి కాని, అంతకుముందు వాహనాలన్నీ కింద సర్కిల్ చుట్టూ తిరిగే పోయేవి. ఆ రోజులు ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. లోపలి అంచు పట్టుకుని ఒక ఆటో, దానికి 4 మీటర్ల బయటగా ఒక లారీ పక్కపక్కనే తిరుగుతున్నాయనుకుందాం. రెండూ ఒకేచోట బయలుదేరి పూర్తిగా ఒక చుట్టు తిరిగితే లారీ ఆటోకంటే సుమారు 25 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. పావు చుట్టే తిరిగితే సుమారు 6 మీటర్ల 28 సెంటీమీటర్లు ఎక్కువ. సర్కిల్ పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. రెండు దారుల మధ్య ఎడం ఎంత అన్నదే ముఖ్యం.

పైపు వంచినప్పుడూ ఇదే జరుగుతుంది. వంపు బయటి గోడ లారీ దారి. అది సాగుతుంది. లోపలి గోడ ఆటో దారి. అది నొక్కుకుపోయి పొట్టిదవుతుంది. ఈ రెండింటికీ నడుమ, గొట్టం కడుపులో గుండా ఒక గీత గీశామనుకుంటే, అది దాదాపు సాగదు, కుదించుకోదు. దానినే మధ్యగీత అంటాము. వంచకముందు పైపు పొడవు ఎంతో, వంచిన తరువాత మధ్యగీత పొడవూ అంతే. మన పని మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. మరీ బిగువైన వంపుల్లో ఈ గీత కొద్దిగా లోపలికి జరుగుతుంది గాని, పశువుల చట్రాల వంటి పనులకు ఆ తేడా పట్టించుకోనవసరం లేదు.

ఇది మన కమ్మరులకు కొత్త సంగతి కాదు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు చక్రాన్ని పట్టా మీద ఒక చుట్టు దొర్లించి కొలత తీసుకునేవారు. పట్టా మందాన్ని బట్టి ఎంత కలపాలో, వేడికి సాగి చల్లారితే బిగియడానికి ఎంత తగ్గించాలో వారికి చేతిలోనే ఉండేది. మనం దానినే అంకెల్లో రాసుకుంటున్నాము.

ముందు తీసుకోవలసిన మూడు కొలతలు

ఒకటి - పైపు బయటి వ్యాసం. దుకాణంలో "ఒకటిన్నర అంగుళం" అనేది గొట్టం లోపలి దారికి పెట్టిన పేరు. బయట కొలిస్తే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అంగుళం పైపు బయటి వ్యాసం 33.7 మి.మీ., అంగుళంపావు 42.4, ఒకటిన్నర 48.3, రెండంగుళాలది 60.3 మి.మీ. ఒకటిన్నర అంగుళం పైపును ఈ పాఠంలో 4.8 సెం.మీ. అని తీసుకుందాం.

రెండు - వంపు వ్యాసార్ధం. అంటే వంపు కేంద్రం నుంచి మధ్యగీత వరకు ఉన్న దూరం. ఇది మన ఇష్టప్రకారం ఉండదు. మేస్త్రీ దగ్గర ఉన్న డైని బట్టి వస్తుంది. కనుక ముందు డై ఎంతదో అడగాలి. అడిగేటప్పుడు "గాడి అడుగు వరకా, పైపు మధ్య వరకా?" అని కూడా అడగాలి. గాడి అడుగు వరకు 17.6 అంటే, దానికి పైపు వ్యాసంలో సగం 2.4 కలిపి మధ్యగీతకు 20 సెం.మీ. అవుతుంది. ఈ వ్యాసార్ధం పైపు బయటి వ్యాసానికి నాలుగింతలకు తగ్గకుండా చూసుకోవడం మంచిది. తగ్గితే లోపలి గోడ ముడతలు పడుతుంది, వంపు దగ్గర గొట్టం చప్పబడుతుంది.

మూడు - కోణం. ట్రెవిస్ మూలలకు 90 డిగ్రీలు. పూర్తిగా వెనక్కి తిరిగే వంకీకి 180. ఏటవాలుగా దించేచోట 45 లేదా 30. ఒక మాట గుర్తుంచుకోవాలి. కోణమంటే పైపు తిన్నని దారి నుంచి ఎంత తిరిగింది అన్నది.

సూత్రం

పూర్తి చుట్టు అంటే 360 డిగ్రీలు. దాని పొడవు వ్యాసార్ధానికి 6.2832 రెట్లు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో 20,000 వ్యాసం గల వృత్తానికి చుట్టుకొలత సుమారు 62,832 అని చెప్పాడు. మనం వాడే 3.1416 అదే. ఇక మనకు కావలసిన కోణాన్ని బట్టి భాగం తీసుకోవాలి.

90 డిగ్రీల వంపు = వ్యాసార్ధం × 1.571
180 డిగ్రీల వంపు = వ్యాసార్ధం × 3.142
60 డిగ్రీల వంపు = వ్యాసార్ధం × 1.047
45 డిగ్రీల వంపు = వ్యాసార్ధం × 0.785
30 డిగ్రీల వంపు = వ్యాసార్ధం × 0.524

మరే కోణమైనా డిగ్రీకి 0.01745 చొప్పున గుణించాలి. ఈ అయిదు వరుసలు ఒక అట్ట మీద రాసి కార్యాలయం గోడకు తగిలించుకుంటే సరిపోతుంది.

ట్రెవిస్ చట్రం లెక్క

ఇప్పుడు నేను తప్పుగా కొలిచిన ఆ ట్రెవిస్‌నే లెక్క వేద్దాం. తిరగవేసిన "యు" ఆకారంలో రెండు చట్రాలు, ముందొకటి వెనుకొకటి. వాటిని కలుపుతూ పక్కకు మూడేసి చొప్పున ఆరు కమ్మీలు, ఒక్కొక్కటి చివరల తొలుపుతో సహా 140 సెం.మీ. ముందూ వెనుకా అడ్డంగా తోసేవి సరుగుడు గడలు. మూలలను అతికించకుండా వంచడానికి కారణం ఉంది. పదునైన మూల ఉంటే గేదె తల విసిరినప్పుడు దెబ్బ తగులుతుంది. అతుకు దగ్గరే తుప్పు కూడా ముందుగా పడుతుంది.

చట్రం కొలతలు ఇవి. గేదె నిలబడడానికి లోపలి వెడల్పు 70 సెం.మీ. కాలి అడుగు నుంచి పై అంచు వరకు ఎత్తు 200 సెం.మీ. (ఇందులో 50 భూమిలో కాంక్రీటులోకి పోతుంది.) పైపు బయటి వ్యాసం 4.8. వంపు వ్యాసార్ధం 20.

మొదటి మెట్టు: అన్ని కొలతలను మధ్యగీతకు మార్చాలి. లోపలి నుంచి లోపలికి తీసుకున్న కొలతకు ఒక వ్యాసం కలపాలి. బయటి నుంచి బయటికి అయితే ఒక వ్యాసం తీసివేయాలి. ఒకవైపే అంచు వరకు కొలిస్తే సగం వ్యాసం తీసివేయాలి. ఆ ప్రకారం వెడల్పు 70 + 4.8 = 74.8. ఎత్తు 200 - 2.4 = 197.6.

రెండవ మెట్టు: తిన్నని భాగాలు. వంపు మొదలయ్యే చోటికి తిన్నని భాగం అయిపోతుంది. కనుక కాలికి 197.6 - 20 = 177.6. రెండు కాళ్లకు 355.2. పైన అడ్డానికి రెండు వైపులా వంపులు ఉన్నాయి గనుక 74.8 - 40 = 34.8. మొత్తం తిన్నని భాగం 390 సెం.మీ.

మూడవ మెట్టు: వంపులు. ఒక్కొక్కటి 20 × 1.571 = 31.4. రెండింటికి 62.8.

నాలుగవ మెట్టు: కూడిక. 390 + 62.8 = 452.8 సెం.మీ. ఒక చట్రానికి కోయవలసిన పైపు ఇదే.

గీతలు పెట్టేటప్పుడు ఒక కొస నుంచే టేపు పరచి వరుసగా పెట్టాలి: 177.6 దగ్గర మొదటి వంపు మొదలు, 209.0 దగ్గర ముగింపు, 243.8 దగ్గర రెండవ వంపు మొదలు, 275.2 దగ్గర ముగింపు; 452.8 దగ్గర కోత. ముక్క ముక్కకూ టేపు మళ్లీ మొదలుపెడితే చిన్న చిన్న తప్పులు చేరి పెద్దవవుతాయి.

మూలకు మూల కొలిస్తే వచ్చే నష్టం

కొందరు వంపులను లెక్కలోనే పెట్టకుండా బయటి కొలతలు కూడి పైపు కొంటారు. పై చట్రానికి అలా చేస్తే 200 + 200 + 79.6 = 479.6 వస్తుంది. అసలు కావలసిన 452.8 కంటే 26.8 సెం.మీ. ఎక్కువ. మూరెడు కూడా లేదు కదా అనిపిస్తుంది. అసలు నష్టం కోతలో తెలుస్తుంది.

సరైన లెక్క ప్రకారం 600 నుంచి 452.8 పోగా ప్రతి పైపులోనూ 147.2 మిగులుతుంది. అందులోంచి 140 సెం.మీ. కమ్మీ ఒకటి వస్తుంది. రెండు పైపుల్లో రెండు చట్రాలు, రెండు కమ్మీలు. మూడవ పైపులో నాలుగు కమ్మీలు, అంటే 560. పని మూడు పైపులతో ముగిసింది.

తప్పు లెక్క ప్రకారం మిగిలేది 120.4. కమ్మీ రాదు. ఆరు కమ్మీలకు విడిగా 840 కావాలి, అంటే మరి రెండు పైపులు. మొత్తం నాలుగు. వంపు లెక్క తెలియనందుకు ఒక పైపు అదనం. మధ్యరకం ఒకటిన్నర అంగుళం పైపు మీటరుకు సుమారు 3.6 కిలోలు తూగుతుంది. అంటే ఇరవై ఒక కిలోలకు పైగా ఇనుము. ధర ఆ రోజు మార్కెట్టును బట్టి మీరే వేసుకోండి, దానిని లీటరు పాల ధరతో భాగించండి. ఎన్ని లీటర్ల పాలు పోసిన సొమ్మో తెలుస్తుంది.

మధ్యగీత మీద మూలకు మూల కొలత ఉన్నవారికి ఒక దగ్గరి దారి చెబుతాను. ఒక్కొక్క 90 డిగ్రీల వంపుకు మొత్తంలోంచి వ్యాసార్ధానికి 0.43 వంతు తీసివేయండి. పై లెక్కలో 197.6 + 197.6 + 74.8 = 470. తీసివేత 2 × 0.43 × 20 = 17.2. మిగిలేది 452.8. రెండు దారులూ ఒకచోటికే చేరాయి గనుక లెక్క సరి. అయితే 45 డిగ్రీలకు ఈ తీసివేత సగం అనుకోవద్దు. అది 0.043 వంతు మాత్రమే, అంటే పదవ వంతు. 60 డిగ్రీలకు సుమారు 0.11 వంతు.

ఉన్న వంపును కొలవడం ఎలా?

పని పూర్తయిన తరువాత పాలకవర్గంవారు గాని, ఆడిట్‌కు వచ్చినవారు గాని కొలిచి చూడవలసి వస్తుంది. దీనికి పురికొస చాలు. వంపు మొదలైన చోట, ముగిసిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. బయటి గోడ వెంట కొస పరిచి కొలవండి. పై చట్రంలో అది 35.2 వస్తుంది. లోపలి గోడ వెంట కొలవండి. 27.6 వస్తుంది. రెండూ కూడి సగం చేస్తే 31.4. అదే ఆ వంపులో ఉన్న పైపు. బెంజ్ సర్కిల్ లెక్క ఇక్కడా గమనించండి. బయటికి, లోపలికి తేడా 7.6. పైపు వ్యాసాన్ని 1.571తో గుణిస్తే దాదాపు అంతే.

ఇప్పుడు ఆ 180 సెంటీమీటర్ల సంగతి. నాలుగు వంపులు, ఒక్కొక్కటి 31.4 చొప్పున 125.6. మొదటి రెండు పైపుల్లో మిగిలిన ముక్కలు 7.2 చొప్పున 14.4. మూడవ పైపులో మిగిలినది 40. మొత్తం 125.6 + 14.4 + 40 = 180. రంపం కోతలో పొడి అయిపోయిన కొద్ది మిల్లీమీటర్లు ఈ ముక్కల్లోనే తగ్గుతాయి. అంతకుమించి ఒక్క అంగుళం కూడా ఎక్కడికీ పోలేదు. కార్యదర్శిగారు చెప్పిన గోనెసంచి, నేను చూడని నాలుగు వంపులు - అంతే.

పాలు పోయే గొట్టాల సంగతి వేరు

పైన చెప్పినదంతా చట్రాలకు, కమ్మీలకు వర్తిస్తుంది. బల్క్ మిల్క్ కూలరు ఉన్న కేంద్రాలలో పాలు పోయే స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలను ఊరి వెల్డింగు షాపులో వంపించవద్దు. లోపలి గోడ మీద చిన్న ముడత పడినా అక్కడ పాల పదార్థం పేరుకుంటుంది. కడిగినా పోదు. అందులో సూక్ష్మక్రిములు పెరిగి, 4 డిగ్రీలకు చల్లబరచిన మంచి పాలను కూడా చెడగొడతాయి. ఇటువంటిచోట నునుపుగా తయారైన రెడీమేడు బెండ్లే వాడాలి.

వాటికి లెక్క ఇంకా సులువు. బెండు మూల కేంద్రం నుంచి దాని మూతి వరకు ఎంత ఉందో కొలవండి. అది 9 సెం.మీ. అనుకుందాం. మధ్యగీత మీద మూల వరకు ఒక వైపు 200, మరొక వైపు 120 ఉంటే, కోయవలసిన తిన్నని గొట్టాలు 191, 111. బెండు తన వంతు తానే పూరిస్తుంది.

పని చేయించేటప్పుడు జాగ్రత్తలు

1. పైపు మీద రంగు పట్టీ చూడండి. పసుపు తేలికరకం, నీలం మధ్యరకం, ఎరుపు బరువురకం. ట్రెవిస్‌కు నీలానికి తగ్గవద్దు. బిల్లులో రాసిన రకం, తెచ్చిన రకం ఒకటేనా అని దించుకునేటప్పుడే చూడాలి.

2. జి.ఐ. పైపును కాల్చి వంచనివ్వవద్దు. జింకు పూత కాలిపోతుంది. ఆ పొగ పీల్చినవారికి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. మిషను మీద చల్లగానే వంపించండి. అతుకులు పెట్టేచోట పూతను ముందుగా రాకివేయించి, గాలి ఆడేచోట పని చేయించండి. తరువాత ఆ చోట జింకు పెయింటు వేయించండి.

3. పూత లేని నల్ల పైపును ఇసుక నింపి కాల్చి వంచేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇసుక బాగా ఎండినదై ఉండాలి. తడి ఉంటే లోపల ఆవిరి పుట్టి బిరడా తుపాకి గుండులా ఎగురుతుంది. ఎదురుగా మనిషి ఉండకూడదు.

4. పైపు పొడవునా ఉండే అతుకు గీత వంపుకు బయటివైపుగాని లోపలివైపుగాని రాకుండా, పక్కకు వచ్చేటట్లు పెట్టించండి. అక్కడ సాగుడూ నొక్కుడూ తక్కువ.

5. మిషను వదలగానే పైపు కొద్దిగా వెనక్కి విచ్చుకుంటుంది. కనుక 90 కావాలంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వంచవలసి ఉంటుంది. ఎంత అన్నది పాత ముక్క ఒకటి వంచి చూసిన తరువాతే అసలు పైపు మిషను మీద పెట్టాలి.

పుస్తకంలో ఏమి రాయాలి?

సంఘం 1964 చట్టం కింద నమోదైనదైనా, 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉన్నదైనా, సభ్యుల సొమ్ముకు లెక్క చెప్పవలసిన బాధ్యత ఒకటే. పైపు పనికి ఈ నాలుగు కాగితాలు ఉంటే చాలును.

తీర్మానంతోపాటు ఒక చేతిగీత బొమ్మ. అందులో పైపు బయటి వ్యాసం, వంపు వ్యాసార్ధం, కొలతలు లోపలివా బయటివా అన్నది స్పష్టంగా రాయాలి.

లెక్క కాగితం. తిన్నని భాగం ఎంత, వంపులు ఎన్ని, ఒక్కొక్కదానికి ఎంత, మొత్తం ఎంత.

కోత పట్టిక. ఏ పైపులోంచి ఏ ముక్కలు వచ్చాయి, ఎంత మిగిలింది.

స్టాకు పుస్తకంలో మిగులు ముక్కల నమోదు. "40 సెం.మీ. ముక్క 1, 7 సెం.మీ. ముక్కలు 2, గోనెసంచిలో" అని ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. ఆ ఒక్క వరుస ఉండి ఉంటే, ఆనాడు నా కలం కొంతైనా తడబడి ఆగేది.

అభ్యాసం

1. దూడల పాకలో గడ్డి చట్రానికి అర్ధచంద్రాకారపు పైపు కావాలి. వంపు 180 డిగ్రీలు, వ్యాసార్ధం 30 సెం.మీ. రెండు చివరలా తిన్నని కాళ్లు 60 చొప్పున. పైపు ఎంత?

2. క్యాన్ల బండికి పిడి. అంగుళం పైపు, బయటి వ్యాసం 3.4 సెం.మీ. బయటి వెడల్పు 60. కాలి కొస నుంచి పై అంచు వరకు 80. వ్యాసార్ధం 14. రెండు మూలలూ 90 డిగ్రీలు. పైపు ఎంత?

3. రెండవ ప్రశ్నలోని పిడులు రెండు చేయించడానికి 6 మీటర్ల పైపు ఒకటి కొన్నారు. స్టాకు పుస్తకంలో ఎంత ముక్క కనిపించాలి?

సమాధానాలు: 1) 120 + 94.2 = 214.2 సెం.మీ. 2) వెడల్పు మధ్యగీతకు 56.6, కాలు 78.3. తిన్నని భాగం 64.3 × 2 + 28.6 = 157.2. వంపులు 22 × 2 = 44. మొత్తం 201.2 సెం.మీ. 3) 600 - 402.4 = 197.6 సెం.మీ. రంపం కోతకు అర సెంటీమీటరు వరకు తగ్గవచ్చును.

ముగింపు

మేస్త్రీ దగ్గర పురికొస చూసి వచ్చిన తరువాత నేను ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. గోనెసంచి విప్పించి ముక్కలు కొలిచాను. వంపులు కొలిచాను. పాలకవర్గం ఎదుట లెక్క వేసి చూపించి, నా అభ్యంతరాన్ని ఉపసంహరిస్తూ లిఖితపూర్వకంగా ఇచ్చాను. ఆయన కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వడానికి పాలకవర్గం తీర్మానించింది. తరువాతి మహాసభలో ఆ తీర్మానం చదివేటప్పుడు నేనే లేచి, తప్పు సంఘానిది కాదు, కార్యదర్శిగారిది కాదు, నాది అని చెప్పాను.

అప్పటికే ఆయన కార్యదర్శి పని వదిలేశారు. మళ్లీ తీసుకోమని సభ్యులు అడిగినా ఒప్పుకోలేదు. పాలు మాత్రం రెండు పూటలా పోస్తూనే ఉన్నారు. సభ అయ్యాక నా దగ్గరకు వచ్చి, "ఆ లెక్క మా కుర్రాళ్లకు కూడా ఒకసారి చెప్పి వెళ్లండి సార్" అన్నారు. ఆ సాయంత్రం పాలకేంద్రం అరుగు మీద సుద్దముక్కతో చెప్పాను. ఆనాటి నుంచి ఏ సంఘానికి ఆడిట్‌కు వెళ్లినా నా సంచిలో టేపుతోపాటు ఒక బారెడు పురికొస ఉంటోంది.

సభ్యులు ఈ పాఠాన్ని తమ సంఘంలో చదివి, మీ ఊరి ట్రెవిస్‌ను ఒకసారి కొలిచి చూడవలసిందిగా మనవి. లెక్క సరిపోతే ఆ మాట మినిట్సు పుస్తకంలో ఎక్కించండి. సరిపోకపోతే, ఎవరినీ ఏమీ అనే ముందు వంపులు కొలిచారో లేదో చూసుకోండి.